ప్రగతి స్కాలర్‌షిప్: వసిష్ఠ గోదావరి ఒడ్డు నుంచి ఒక సమీక్ష

సాంకేతిక విద్యలోకి ఆడపిల్లలను రప్పించడానికి అఖిల భారత సాంకేతిక విద్యా మండలి (ఏఐసీటీఈ) 2014-15లో ప్రగతి స్కాలర్‌షిప్‌ను మొదలుపెట్టింది. దాన్ని ఒక సేవగా తీసుకుని, వాడుకుంటున్న కుటుంబం వైపు నుంచి బేరీజు వేయడం ఈ సమీక్ష ఉద్దేశం. హోటల్ భోజనానికీ, కొత్తగా కొన్న మిక్సీకీ పేజీలకు పేజీలు సమీక్షలు రాసుకుంటున్నాం. ఏటా యాభై వేల రూపాయలు చేతికిచ్చే పథకానికి మాత్రం ‘వచ్చింది’, ‘రాలేదు’ అన్న రెండు మాటలతో సరిపెట్టుకుంటున్నాం. మా మేనకోడలు సఖినేటిపల్లి వైపున్న ఒక లంక గ్రామం నుంచి రోజూ వసిష్ఠ దాటి, అవతలి ఒడ్డున ఒక పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ డిప్లొమా చదువుతోంది. దరఖాస్తు నింపిన రోజు నుంచి డబ్బు ఖాతాలో పడిన రోజు వరకు నేను వెంట ఉన్నాను. నా అభిప్రాయం ముందే చెబుతాను. ఇచ్చే డబ్బు మంచిది, ఎంపిక పద్ధతిలో దాపరికం లేదు. అయితే ఆడపిల్ల చదువు ఆగిపోయే చోటు ఒకటైతే, ఈ పథకం వచ్చి నిలబడే చోటు మరొకటి.

నియమాలు తెలియనివారి కోసం క్లుప్తంగా చెబుతాను. ఏఐసీటీఈ ఆమోదం ఉన్న సంస్థలో డిప్లొమాలో గాని, డిగ్రీలో గాని మొదటి సంవత్సరంలో చేరిన అమ్మాయిలు, లేటరల్ ఎంట్రీ ద్వారా నేరుగా రెండో సంవత్సరంలో చేరినవారు దరఖాస్తు చేసుకోవచ్చు. కుటుంబ వార్షికాదాయం 8 లక్షల రూపాయలు మించకూడదు. ఒక ఇంట్లో ఇద్దరు ఆడపిల్లల వరకు ఇస్తారు. ఏడాదికి 50,000 రూపాయల చొప్పున డిప్లొమా వారికి మూడేళ్లు, డిగ్రీ వారికి నాలుగేళ్లు వస్తుంది. లేటరల్ ఎంట్రీ వారికి ఒక ఏడాది తగ్గుతుంది. దేశం మొత్తానికి ఏటా డిగ్రీకి 5,000, డిప్లొమాకు 5,000 చొప్పున స్కాలర్‌షిప్‌లు కేటాయించారు. వీటికి తోడు ఈశాన్య రాష్ట్రాల వంటి కొన్ని ప్రాంతాల్లో అర్హులందరికీ ఇస్తారు. డిప్లొమాకు పదో తరగతి మార్కులు, డిగ్రీకి ఇంటర్ మార్కులు ప్రాతిపదిక. ఇంటర్వ్యూ లేదు, సిఫారసు ఉత్తరం లేదు. కనీసం 40 శాతం వైకల్యం ఉన్న విద్యార్థులకు సక్షమ్, తల్లిదండ్రులను కోల్పోయినవారికి స్వనాథ్ అనే పేర్లతో ఇదే మొత్తం ఇచ్చే సోదర పథకాలు కూడా ఉన్నాయి. మా చుట్టుపక్కల ప్రగతి పేరు తెలిసినంతగా ఆ రెండింటి పేర్లు తెలియవు. ఆ మాట ఇక్కడ చెప్పకుండా ఉండలేను.

ముందుగా డబ్బు సంగతి. ఈ యాభై వేలలో నాకు బాగా నచ్చినది దాని స్వేచ్ఛ. ఫీజు కట్టుకోవచ్చు, కంప్యూటర్ కొనుక్కోవచ్చు, పుస్తకాలు, పరికరాలు, సాఫ్ట్‌వేరు కొనుక్కోవచ్చు. బిల్లులు పట్టుకుని ఎవరి చుట్టూ తిరగనక్కరలేదు. పైగా డబ్బు పడేది తండ్రి ఖాతాలో కాదు, అమ్మాయి సొంత ఖాతాలో. కొబ్బరి దింపులు లేని నెలల్లో ఇల్లు ఎలా గడుస్తుందో తెలిసినవారికి ఈ తేడా విలువ వేరే చెప్పనక్కరలేదు. మా బావగారి ఇంట్లో ఆ డబ్బులో కొంత ఇంటి అవసరాలకు వాడదామన్న మాట రాకపోలేదు. వచ్చినా, పాస్‌బుక్ మీద పేరు పిల్లది కావడంతో ఆ చర్చ ఎక్కువసేపు సాగలేదు. ఒక వాడిన ల్యాప్‌టాప్, ఒక సోల్డరింగ్ ఐరన్, ఒక డిజిటల్ మల్టీమీటర్ కొన్నది. మల్టీమీటర్ ఇంటికి వచ్చిన రోజు సాయంత్రం వంటగది ప్లగ్గులో ప్రోబులు పెట్టి వోల్టేజి ఎంత వస్తోందో చదివి, వాళ్ల నాయనమ్మకు వినిపించింది. ఆవిడకు ఆ అంకెతో పని లేదు గానీ, కరెంటు దగ్గర చేయి పెట్టడం మగపిల్లల పని అన్న మాట ఆ ఇంట్లో ఆ రోజు నుంచి కొంచెం సడలింది. కళాశాల ప్రయోగశాలలో ఏడాది పొడవునా రాని చనువు సొంత పరికరంతో వారంలో వచ్చింది. డబ్బు విషయంలో పదికి తొమ్మిది మార్కులు ఇస్తాను.

మిగిలిన ఒక్క మార్కు ఎందుకు తగ్గించానంటే, పథకం స్వభావం వల్లనే ఈ డబ్బు చేరికకు ముందు అందేది కాదు. కళాశాలలో సీటు రావాలి, చేరాలి, తరువాత దరఖాస్తు పెట్టాలి, ఆ దరఖాస్తును కళాశాల పరిశీలించాలి, పై స్థాయిలో మళ్లీ పరిశీలించాలి, అప్పుడు ఎంపిక జాబితా. ఆడపిల్లను పాలిటెక్నిక్‌లో చేర్చాలా, ఊళ్లోనే ఇంటర్ చదివించి ఊరుకోవాలా అన్న నిర్ణయం జరిగేది మే, జూన్ నెలల్లో. అప్పటికి ఈ యాభై వేలు ఉంటే ఉండవచ్చు, లేకపోతే లేదన్న ఊహ మాత్రమే. ఊహ మీద అప్పు పుట్టదు.

దరఖాస్తు జాతీయ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో పెట్టాలి. 2024-25 నుంచి దీనికి ముందు ఒకసారి చేసుకునే శాశ్వత నమోదు, అందులో ఆధార్ ఆధారిత ముఖ గుర్తింపు వచ్చాయి. ఆలోచన సరైనదే; ఒకరి పేరు మీద మరొకరు దరఖాస్తు పెట్టే మోసాలు తగ్గుతాయి. కాని ఈ పని మన ఊళ్లలో జరిగేది ఇంట్లో కాదు, నెట్ సెంటర్‌లో. సందులో మూడు కుర్చీలు, ఒక ప్రింటరు, వెలుతురు చాలని గది. అక్కడి పాత ఫోను ముందు పిల్లను కూర్చోబెట్టి, కళ్లద్దాలు తీయమని, మళ్లీ పెట్టమని, కళ్లు ఆర్పమని, చివరకు వీధిలో ఎండలో నిలబెట్టి నమోదు పూర్తి చేయించాడు అక్కడి కుర్రాడు. అతని ఓపికకు నమస్కారం పెట్టాలి. అయితే అదే కుర్రాడు ‘ఏ స్కాలర్‌షిప్ అయినా ఒకటేనండి’ అంటూ వేరే పథకం మీద టిక్కు పెట్టబోయాడు. పక్కనుంచి చూస్తున్నాను కాబట్టి సరిపోయింది. ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. ప్రగతి గురించిన సమాచారం కళాశాలలో చేరే రోజునే, చేరిక ఫారంతో పాటు తెలుగులో ఒక కాగితంగా అందాలి. మా పిల్లకు ఆ సంగతి చెప్పింది పై సంవత్సరం చదువుతున్న మరో అమ్మాయి. చెప్పే అక్క లేని పిల్లకు ఈ పథకం ఉన్నట్టే తెలియదు.

ఆ తరువాత కళాశాల పరిశీలన. పేరు చెప్పను గానీ, ఆ కళాశాలలో స్కాలర్‌షిప్ పనులు చూసే ఉద్యోగికి అదే పని కాదు. పరీక్షల పని, చేరికల పని, ఇన్‌స్పెక్షన్ వస్తే ఆ పని కూడా ఆయనదే. గడువు దగ్గరపడ్డాక గాని దరఖాస్తు తెరిచి చూడలేదు. చూశాక, పదో తరగతి సర్టిఫికెట్లో ఇంటిపేరు పూర్తిగా ఉన్నది, ఆధార్‌లో పొడి అక్షరంగా ఉన్నది కాబట్టి సరిదిద్దుకు రమ్మని వెనక్కి పంపారు. ఆధార్ సవరణకు మా వైపు నుంచి వెళ్లి వరుసలో నిలబడటం అంటే ఆ రోజు తరగతులు పోయినట్టే. చివరి తేదీకి ముందు పని అయింది గాని, అదే జాబితాలో ఉన్న మరో ఇద్దరు పిల్లలు మధ్యలోనే వదిలేశారు. వాళ్ల మార్కులు మా పిల్ల మార్కులకు తీసిపోవు.

ఇంకొక చిక్కు ఉంది. ఒకే కాలంలో ప్రభుత్వం ఇచ్చే రెండు స్కాలర్‌షిప్‌లు తీసుకోకూడదన్న నియమం న్యాయమైనదే. కాని రాష్ట్ర ఫీజు సహాయం స్కాలర్‌షిప్ కిందకు వస్తుందా, రాదా అని అడిగితే నెట్ సెంటర్‌లో ఒక జవాబు, కళాశాలలో ఒక జవాబు, తోటి తల్లిదండ్రుల దగ్గర మరొక జవాబు వచ్చాయి. ఏది వదులుకోవాలో తెలియని కుటుంబం ఖాయంగా వచ్చేదాన్ని పట్టుకుని రెండోదాన్ని వదిలేస్తుంది. ఈ ఒక్క ప్రశ్నకు పథకం మొదటి పేజీలోనే, రాష్ట్రాలవారీగా, అవునో కాదో రాసి పెడితే ఎంతో మేలు జరుగుతుంది. సమాచారం విషయంలో పదికి నాలుగు మార్కులకు మించి ఇవ్వలేను.

ఎంపిక పద్ధతి గురించి నా అభిప్రాయం కొంత మిశ్రమం. మార్కులు చూసి జాబితా వేయడం వల్ల పైరవీకి చోటు లేకుండా పోయింది. షెడ్యూల్డు కులాలు, తెగలు, వెనుకబడిన తరగతుల రిజర్వేషన్ కూడా ఉంది. కాని 8 లక్షల ఆదాయ పరిమితి చాలా విశాలమైనది. కొబ్బరి దింపు తీసే కార్మికుడి కూతురు, జీతం మీద బతికే చిన్న ఉద్యోగి కూతురు, నాలుగు ఎకరాల చేపల చెరువు ఉన్నవారి కూతురు ఒకే వరుసలో నిలబడతారు. ఆ వరుసను తేల్చేది పదో తరగతి మార్కులు. రాత్రి పదింటి దాకా స్టడీ అవర్లు పెట్టే రెసిడెన్షియల్ స్కూలు పిల్లకూ, బడి నుంచి వచ్చి తమ్ముణ్ణి చూసుకుంటూ చదివిన జిల్లా పరిషత్ హైస్కూలు పిల్లకూ మార్కుల్లో ఉండే తేడా తెలివిలో తేడా కాదు. మన రాష్ట్రంలోనే దీనికి ఒక విరుగుడు ఉంది. 2008లో పెట్టిన రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయంలో, అంటే మనమంతా నూజివీడు ట్రిపుల్ ఐటీ అని పిలుచుకునే దాంట్లో, పదో తరగతి మార్కుల మీదే సీట్లిస్తారు. అయితే ప్రభుత్వ బడుల్లో ఇంటి నుంచి వెళ్లి చదివినవారికి వెనుకబాటు స్కోరు పేరుతో కొంత కలుపుతారు. ప్రగతికి కూడా అలాంటి ఏర్పాటు ఉంటే, అందరినీ కలుపుకుపోవాలన్న లక్ష్యానికి మరింత దగ్గరవుతుంది. ఎంపికకు ఏడు మార్కులు.

ఇక అసలు విషయానికి వస్తాను. ఇంజనీరింగ్, శాస్త్ర విద్యల్లో ఆడపిల్లల సంఖ్య ఎందుకు తక్కువ అన్న ప్రశ్న మీద ప్రపంచమంతటా ప్రభుత్వాలు డబ్బు పెట్టి పరిశోధనలు చేయిస్తున్నాయి. అమెరికాలో 1980లో వచ్చిన చట్టం అక్కడి జాతీయ సైన్స్ ఫౌండేషన్‌కు ఈ బాధ్యత అప్పగించింది; మహిళా అధ్యాపకుల కోసం 2001లో అడ్వాన్స్ అనే కార్యక్రమం, వెనుకబడిన వర్గాలన్నిటి కోసం 2016లో ఇన్‌క్లూడ్స్ అనే కార్యక్రమం వచ్చాయి. 2025 ఏప్రిల్‌లో అదే సంస్థ ఈ కోవకు చెందిన పరిశోధన గ్రాంట్లను పెద్ద సంఖ్యలో మధ్యలోనే రద్దు చేసింది. నిధులు ఇచ్చే చేయి మారితే ప్రశ్న కూడా మాయమైపోతుందేమో అనిపించే వార్త అది. మన దేశంలో కేంద్ర శాస్త్ర సాంకేతిక విభాగం మహిళా శాస్త్రవేత్తల కోసం వైజ్-కిరణ్ నడుపుతోంది. మహిళా విశ్వవిద్యాలయాల ప్రయోగశాలల కోసం క్యూరీ పేరుతో నిధులిస్తోంది, తిరుపతి పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం అలా లబ్ధి పొందినదే. సంస్థలలో స్త్రీల స్థితిగతులను లెక్కగట్టి మార్పు తేవడానికి, బ్రిటన్‌లో 2005 నుంచి ఉన్న అథీనా స్వాన్ నమూనాలో గతి అనే కార్యక్రమాన్ని 30 సంస్థల్లో ప్రయోగాత్మకంగా ప్రారంభించారు. ఇవన్నీ మంచివే. అయితే ఇవి చదువు ముగించి పైకి వచ్చినవారికి.

కింద మెట్టు మీద ఏం పనిచేస్తుందో తెలియాలంటే నాకు తెలిసినంతలో బీహార్ సైకిళ్ల అధ్యయనం కంటే మంచి ఉదాహరణ లేదు. 2006లో అక్కడి ప్రభుత్వం తొమ్మిదో తరగతిలో చేరిన ఆడపిల్లలకు సైకిల్ కొనుక్కోవడానికి రెండు వేల రూపాయలు ఇచ్చింది. కార్తీక్ మురళీధరన్, నిశిత్ ప్రకాశ్ అనే ఆర్థికవేత్తలు దాని ఫలితాన్ని పొరుగునున్న జార్ఖండ్‌తో పోల్చి చూశారు. తగిన వయసు ఆడపిల్లల హైస్కూలు చేరికలు 32 శాతం పెరిగాయి. మగపిల్లలతో ఉన్న అంతరం 40 శాతం తగ్గింది. బడి మూడు కిలోమీటర్లకు పైగా ఉన్న ఊళ్లలో ఈ లాభం ఎక్కువగా కనిపించింది. ఢిల్లీ విశ్వవిద్యాలయం కళాశాలల మీద గిరిజా బోర్కర్ చేసిన అధ్యయనం దీనికి తోడు. మంచి కళాశాలలో సీటు వచ్చే మార్కులున్నా, దారి భద్రంగా ఉంటుందని దానికన్నా తక్కువ స్థాయి కళాశాలను అమ్మాయిలు ఎంచుకుంటున్నారని ఆమె చూపించారు. చదువు మీద ఆసక్తి లేదని, గణితం అంటే భయమని మనం చెప్పుకునే కారణాలకన్నా ముందు దారి నిలబడి ఉంది.

ఈ మాట మా వైపు ఎవరిని అడిగినా చెబుతారు. సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కితే అవతల నరసాపురం. పిల్లలు, పాల క్యాన్లు, మోటారు సైకిళ్లు అన్నీ ఒకే బల్లకట్టు మీద. వర్షాకాలంలో ఎగువన వరద మొదలై ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది. ఆ పాటికి రేవులో పంటు తిరగదు, తిరగకూడదు కూడా. అప్పుడు చించినాడ వంతెన మీదుగా చుట్టూ తిరిగి వెళ్లాలి. 2022 జూలైలో ధవళేశ్వరం దగ్గర పాతిక లక్షల క్యూసెక్కులు దాటి వరద వచ్చినప్పుడు లంకల్లో చదువు మాట ఎవరూ ఎత్తలేదు. కాని ప్రతి ఏడాదీ వచ్చే చిన్న వరదలకు కూడా తరగతులు పోతాయి. డిప్లొమాలో 75 శాతం హాజరు ఉండాలి. మగపిల్లవాడైతే స్నేహితుడి గదిలో నాలుగు రోజులు సర్దుకుంటాడు. ఆడపిల్ల విషయంలో మా బావగారు నన్ను అడిగిన ప్రశ్న ఒక్కటే: ‘అన్నీ బాగానే ఉన్నాయి బావా, పంటు ఆగిపోయిన రోజు పిల్ల ఎక్కడుంటుంది?’ దానికి ప్రగతి స్కాలర్‌షిప్‌లో జవాబు లేదు. హాస్టల్ ఖర్చు వేరేగా ఇవ్వరని నియమాల్లోనే ఉంది. ఇచ్చే యాభై వేలలోంచే కట్టుకోవాలంటే ల్యాప్‌టాప్ పోతుంది.

ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది. ఇప్పటికీ తలుపులెత్తిన రోజున నీరు కాలవ శివారు చేలకు చేరినట్టు కాదని డెల్టా రైతుకు బాగా తెలుసు. మన విద్యా పథకాలకు ఆ శివారు లెక్క ఉండదు. ఎంతమందికి మంజూరైందన్న జాబితా ఉంటుంది. వారిలో ఎంతమంది కోర్సు పూర్తి చేశారు, ఎంతమంది చదివిన రంగంలోనే ఉద్యోగంలో ఉన్నారన్నది జిల్లాలవారీగా, దరఖాస్తు చేసే పేజీలోనే అమ్మాయికి కనిపించాలి. ఇదే ఊళ్లలో, 1874లో ధవళేశ్వరంలో వీరేశలింగం పంతులుగారు బాలికల పాఠశాల పెట్టినప్పుడు ఎదురైన ప్రశ్న కూడా పిల్లను గడప దాటించడం గురించే. అప్పటికీ ఇప్పటికీ గడప స్థానంలో రేవు వచ్చింది, అంతే.

ఆశ్చర్యమేమిటంటే, ఈ విషయంలో చదువు పేరు లేని ఒక పథకం ఎక్కువ ఉపయోగపడుతోంది. 2025 ఆగస్టు 15న రాష్ట్రంలో స్త్రీ శక్తి పేరుతో ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ వంటి బస్సుల్లో మహిళలకు ఉచిత ప్రయాణం వచ్చింది. మా పిల్లకు పంటు దిగాక బస్సు ఖర్చు పోయింది. చించినాడ చుట్టు దారి కూడా మునుపటంత భారం కాలేదు. సాంకేతిక విద్యలో ఆడపిల్లల భాగస్వామ్యం మీద పరిశోధన చేయదలచినవారు ఈ పథకానికి ముందూ వెనకా పాలిటెక్నిక్ చేరికలు ఎలా మారాయో చూడవచ్చు. బీహార్ సైకిళ్లంత మంచి అవకాశం మన ముంగిటే ఉంది. అయితే సాయంత్రం ప్రయోగశాల ముగిసే వేళకు ఆ దారిలో బస్సు ఉండాలి కదా. ఉచితం అన్న మాట బస్సు వచ్చే ఊళ్లకే చెల్లుతుంది.

ప్రయోగశాల అన్నాను కాబట్టి అక్కడ జరిగేది కూడా చెప్పాలి. విద్యుత్ తరంగాలను తెర మీద చూపే ఒక ఆసిలోస్కోపు చుట్టూ ఆరుగురు. ముందు నిలబడి నాబులు తిప్పేది ఇద్దరు అబ్బాయిలు. వెనక నిలబడి అంకెలు రాసుకునేది అమ్మాయిలు. ఎవరూ బలవంతం చేయలేదు, ఎవరూ వద్దనలేదు, అలా కుదిరిపోయింది. అమ్మాయిల దస్తూరి బాగుంటుంది కాబట్టి రికార్డు వాళ్లు రాస్తే అందరికీ మార్కులు వస్తాయన్న సమర్థన ఒకటి. ‘మావయ్యా, తరంగం బొమ్మ నాకన్నా అందంగా మా బ్యాచ్‌లో ఎవరూ వేయలేరు, కాని తెర మీదికి ఆ తరంగాన్ని తెచ్చి నిలబెట్టమంటే నా వల్ల కాదు’ అన్నది మా పిల్ల ఒకసారి. అమెరికాలో కార్నెల్ విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్ర ప్రయోగశాలలను గమనించిన పరిశోధకులు 2020లో ప్రచురించిన వ్యాసంలో ఇదే చెప్పారు. ఎవరు ఏ పని చేయాలో ముందే నిర్ణయించకుండా వదిలేసిన తరగతుల్లో పరికరాలు ఎక్కువగా అబ్బాయిల చేతుల్లోకి వెళ్లాయి. దీనికి కోట్ల రూపాయలు అక్కరలేదు. ఈ వారం పరికరం ఎవరిది, రాత ఎవరిది అని లెక్చరర్‌గారు గోడ మీద ఒక కాగితం అంటిస్తే చాలు. ప్రగతి విద్యార్థినులు ఉన్న కళాశాలలకు ఏఐసీటీఈ ఈ ఒక్క సూచన పంపినా, ఇచ్చిన యాభై వేలకు విలువ పెరుగుతుంది.

పోల్చి చూడదగ్గ ఇతర పథకాలను త్వరగా ముగిస్తాను. 2008లో మొదలైన కేంద్ర ప్రభుత్వ పథకం ఇన్‌స్పైర్‌లో భాగంగా బీఎస్సీ, ఎమ్మెస్సీ వంటి మౌలిక శాస్త్ర కోర్సులు చదివేవారికి ఏడాదికి 80,000 రూపాయలు ఇస్తారు; అందులో 20,000 వేసవిలో ఒక శాస్త్రవేత్త దగ్గర చేసే ప్రాజెక్టు కోసం. ఆ ప్రాజెక్టు ఏర్పాటు చాలా గొప్పది, ప్రగతిలో అలాంటిది ఉంటే బాగుండేది. కాని ఇది ఇంటర్ బోర్డులో పై ఒక్క శాతంలో నిలిచినవారికి, ఆడా మగా అందరికీ. 2019లో వచ్చిన విజ్ఞాన జ్యోతి తొమ్మిది నుంచి పన్నెండో తరగతి ఆడపిల్లలకు జవహర్ నవోదయ విద్యాలయాల ద్వారా సైన్స్ శిబిరాలు, ప్రయోగశాలల సందర్శనలు, మహిళా శాస్త్రవేత్తలతో మాటలు ఏర్పాటు చేస్తుంది. తల్లిదండ్రులను కూడా కూర్చోబెట్టి మాట్లాడుతుంది. నా దృష్టిలో వీటన్నిటిలో సరైన వయసును, సరైన మనుషులను పట్టుకున్నది అదే. ఐఐటీలు 2018 నుంచి అమ్మాయిలకు అదనపు సీట్లు సృష్టించి, వారి వాటాను 14 శాతం నుంచి 2020 నాటికి 20 శాతానికి తీసుకువెళ్లాయి. మన రాష్ట్రంలో ఇంజనీరింగ్ సీట్లలో మూడో వంతు మహిళలకన్న నియమం అంతకన్నా ఎంతో ముందు నుంచే ఉంది.

చదువు తరువాత ఏమిటన్న ప్రశ్న మిగిలింది. 2021-22 ఉన్నత విద్య సర్వే ప్రకారం దేశంలో సైన్స్ కోర్సుల్లో డిగ్రీ నుంచి పీహెచ్‌డీ దాకా చేరిన 57.2 లక్షల మందిలో 29.8 లక్షల మంది అమ్మాయిలు, అంటే సగానికి పైనే. పరిశోధన ఉద్యోగాలకు వచ్చేసరికి పదిమందిలో ఇద్దరు కూడా మహిళలు లేరు. భీమవరం చుట్టుపక్కల ఈ జారుడు కంటికి కనిపిస్తుంది. ఆక్వా ల్యాబుల్లో నీటి నమూనాల ఉదజని సూచిక (పీహెచ్), అమ్మోనియా చూసేవారిలో, రొయ్య పిల్లల్లో తెల్లమచ్చ వైరస్‌కు పీసీఆర్ పరీక్ష చేసేవారిలో అమ్మాయిలు బాగానే ఉన్నారు. కాని చెరువు గట్టు మీద ఏరేటర్లు (నీటిలో గాలి కలిపే యంత్రాలు), ఆక్సిజన్ సెన్సార్లు, మేత వేసే యంత్రాలు బాగుచేసే పనికి, మా పిల్ల డిప్లొమాకు సరిగ్గా సరిపోయే పనికి, అమ్మాయిలను పిలవరు. కారణం సూటిగా ఉంటుంది: చెరువులో ఆక్సిజన్ బాగా పడిపోయేది తెల్లవారుజామున, ఏరేటర్ ఆగిందని ఫోన్ వచ్చేది అర్ధరాత్రి దాటాక. దూరం నుంచే సెన్సార్ చూసి సరిచేసే పరికరాలు ఇప్పుడు వస్తున్నాయి. ఆ పనిని పగటి బల్ల దగ్గరకు తెచ్చే కంపెనీలు పెరిగితే అమ్మాయిలకు సొంత జిల్లాలోనే ఉద్యోగం దొరుకుతుంది. స్కాలర్‌షిప్ ఇచ్చేవారు డిప్లొమా చివరి ఏడాదిలో ఇలాంటి స్థానిక సంస్థల్లో శిక్షణను ముడిపెట్టాలన్నది నా కోరిక.

లోపాలెన్ని చెప్పినా, అర్హత ఉన్న ప్రతి అమ్మాయి చేత దీనికి దరఖాస్తు చేయించమనే నా సలహా. చేరిక పూర్తయిన వారంలోనే పదో తరగతి సర్టిఫికెట్, ఆధార్, బ్యాంకు పాస్‌బుక్ మూడింట్లో పేరు అక్షరం తేడా లేకుండా ఉందో లేదో చూసుకోండి. ఖాతా అమ్మాయి పేరు మీదే ఉండాలి. ఆధార్ ఇచ్చినంత మాత్రాన సరిపోదు, ప్రభుత్వ డబ్బు నేరుగా పడేలా ఆ ఖాతాకు ఆధార్ సీడింగ్ అయిందో లేదో బ్యాంకులో అడిగి తెలుసుకోండి. ఆదాయ ధ్రువీకరణ పత్రానికి సచివాలయంలో ముందే పెట్టుకోండి. దరఖాస్తు ప్రింటు ఇచ్చి ఊరుకోకుండా, కళాశాల పరిశీలన పూర్తయిందో లేదో పోర్టల్‌లో మీరే చూస్తూ ఉండండి. రెండో ఏడాది నుంచి రెన్యువల్ తప్పనిసరి. పై సంవత్సరానికి ప్రమోట్ అయినట్టు కళాశాల అధిపతి ధ్రువీకరించాలి, ప్రమోట్ కాకపోతే స్కాలర్‌షిప్ అక్కడితో ఆగిపోతుంది. కాబట్టి వరద రోజుల్లో పోయిన తరగతుల హాజరు సంగతి సెమిస్టర్ చివరిదాకా వాయిదా వేయకుండా అప్పుడే కళాశాలలో మాట్లాడుకోవాలి. డిప్లొమాలో ఎంపిక కాని పిల్లలు నిరాశపడనక్కరలేదు. డిప్లొమా చదివినవారి ప్రవేశ పరీక్ష ఈసెట్ రాసి బీటెక్ రెండో సంవత్సరంలో చేరినప్పుడు డిగ్రీ కోటాలో మళ్లీ దరఖాస్తు పెట్టుకోవచ్చు.